ఒడిలో పోసిన మాట

కోటగిరి,
అక్టోబరు 27

గోదావరక్కకు,

నీ చెల్లె నిరోష రాసేది. కవరు చూడగానే గుండె పట్టుకుని ఉంటావు. ఎవరూ చావలేదు. ఫోన్ నీళ్ల బిందెలో పడి పనిచేయడం లేదు, అందుకని కాగితం పట్టాను. మా ఆశా కార్యకర్త విమలక్క పిల్లల్ని తూచడానికి ఇంటికి వస్తుంది. ఆమె సంచిలో వేసి పంపితే బోధన్ మీటింగుకు వెళ్లినప్పుడు పోస్టులో వేస్తానంది. నువ్వు కూడా ఆమె పేరు మీదే రాయి. మా ఇంటి పేరు మీద రాయకు.

ఇంటికి వచ్చి మూడు రోజులైంది. పెద్దోడు రెండు కేజీల వంద, చిన్నది కేజీ తొమ్మిది వందలు. రెండు నిమిషాల ముందు పుట్టినందుకే వాడు పెద్దోడయ్యాడు. వాడు కుంభకర్ణుడు, పాలు తాగుతూ తాగుతూనే నిద్రపోతాడు. చిన్నది మాత్రం పట్టిందంటే వదలదు. ఒకరు పడుకుంటే ఒకరు లేస్తారు. ఇద్దరూ ఒకేసారి ఏడిస్తే నేను కూడా కూర్చుని వాళ్లతో కలిసి ఏడుస్తున్నాను, ముగ్గురికీ సరిపోతోంది. కుట్లు గుంజుతున్నాయి. మా అత్త రేణుకమ్మ రెండు పూటలా వెల్లుల్లి కారంతో అన్నం పెడుతోంది, పత్యం కదా.

నువ్వు ఆసుపత్రి గేటు దాకా వచ్చి వెనక్కి తిరిగిపోయావని విమలక్క చెప్పింది. ఇరవై ఒకటో రోజు తొట్టెల వేసేదాకా రావొద్దని మా అత్త ఫోన్‌లో చెప్పిందట. మొగుడు పోయినదాని చూపు పచ్చి పిల్లల మీద పడొద్దంట. నన్ను పెంచి పెద్ద చేసింది ఆ చూపే కదా. ఆమె అన్నదంటే అన్నది, నువ్వెట్లా విన్నావు?

మా ఆడబిడ్డ సంజన వదిన వర్ని నుంచి వచ్చి ఇక్కడే ఉంటోంది. పెళ్లయి తొమ్మిదేళ్లైనా ఆమెకు పిల్లలు లేరు కదా, పెద్దోణ్ణి కిందికి దించడం లేదు. అప్పుడే వాడికి అఖిలేష్ అని పేరు కూడా పెట్టేసింది. చిన్నదాని వైపు ఎవరూ చూడరు. నాకు ఒక చెయ్యి ఖాళీ అయిందిలే అనుకుంటున్నాను.

కుడి కంటి పైన కొంచెం వాచింది. లేస్తుంటే దర్వాజాకు తగిలింది. నువ్వు కంగారు పడకు, మందు రాశాను.

నీ
నిరోష


నిజామాబాద్,
అక్టోబరు 31

నిరోషా,

దర్వాజాకు తగిలితే నుదురు వాస్తుంది. కంటి పైన వాయాలంటే దర్వాజాకు చెయ్యి మొలవాలి.

నాకు కథలు చెప్పకు. మీ బావ బతికున్న రోజుల్లో మెట్ల మీద జారి పడ్డానని నేను నీకు ఎన్నిసార్లు చెప్పానో గుర్తుందా? మనింటికి మెట్లే లేవు. తొమ్మిదో తరగతి చదివే దానివి, నమ్మి నా వీపుకు జండూబామ్ రాసేదానివి. ఆయన పోయిన రోజు అందరూ నన్ను పట్టుకుని ఏడుస్తుంటే నా ఒంటి మీద ఒక్క కొత్త దెబ్బ కూడా లేదు, వారం రోజులుగా మంచం మీద ఉన్నాడు కదా. ఎవరికీ చెప్పని మాట నీకు రాస్తున్నాను. ఆ రాత్రి నేను పదేళ్లలో మొదటిసారి బోర్లా కాకుండా వెల్లకిలా పడుకున్నాను.

కాబట్టి నిజం రాయి. కొట్టింది నీ మొగుడు భూమేషే కదా? ఎందుకు కొట్టాడు? పిల్లల తల్లి, పొట్ట కోసిన కుట్లు ఇంకా పచ్చిగా ఉన్నాయి, వాడికి చెయ్యి ఎట్లా లేచింది?

నేను గేటు దగ్గరి నుంచి ఎందుకు తిరిగి వచ్చానని అడిగావు. మీ అత్త మాటకు భయపడలేదు. పిల్లలు బరువు తక్కువ పుట్టారు, ఏదన్నా అయితే జీవితాంతం నా కళ్లనే అంటారు, అప్పుడు నేనే నమ్ముతానేమోనని భయపడ్డాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది. అరటిపండ్లు కొన్నాను, అవి గేటు దగ్గర వాచ్‌మన్‌కు ఇచ్చి వచ్చాను.

ఇంకో మాట. నీ ఆడబిడ్డ పెద్దోణ్ణి దించడం లేదని రాశావు. ఎత్తుకోనీ, కానీ పాలు మాత్రం నువ్వే ఇవ్వు, నీ పక్కనే పడుకోబెట్టుకో. వాళ్లు ఏదైనా పాత మాట ఎత్తితే నువ్వు అవునని గానీ కాదని గానీ అనకు. తొట్టెల నాటికి నేను వస్తాను, నేను మాట్లాడతాను. ఇంతకన్నా ఇప్పుడు రాయలేను. ఈ వారం ఆకు మంచిది రాలేదు, చుట్టిన బీడీలు సగం పగులుతున్నాయి, కార్ఖానా వాడు వెనక్కి కొడుతున్నాడు. వేళ్లకు కత్తెర గాట్లు. అందుకే రాత ఇట్లా ఉంది.

అక్క
గోదావరి


కోటగిరి,
నవంబరు 3

అక్కా,

దర్వాజాకు చెయ్యి మొలిచింది. ఆ చేతికి వెండి కడియం కూడా ఉంది.

ఇంటికి వచ్చిన రోజే కొట్టాడు. పెద్దోడికి పాల వేళయింది, ఇవ్వమని సంజన వదినను అడిగాను. 'ఆగు, ఇప్పుడే పండుకున్నడు' అంది. వాడు నిద్రలోనే నోరు చప్పరిస్తున్నాడు. నేను లేచి ఆమె చేతుల్లోంచి తీసుకున్నాను. భూమేష్ అన్నం తింటున్నవాడు ఎంగిలి చేత్తోనే లేచాడు. నా కంట్లో కారం పడింది, తర్వాత కడియం తగిలింది. నీకు ఫోన్ చేయబోతే లాక్కుని గోడకేసి కొట్టాడు. బిందె సంగతి అబద్ధం.

పోయిన గురువారం నుంచి పెద్దోడు నా దగ్గర లేడు. నడి అర్రలో వదిన దగ్గర ఉంచి డబ్బా పాలు పట్టిస్తున్నారు. తలుపుకు లోపలి నుంచి గొళ్లెం. వాడు ఏడ్చినప్పుడల్లా నా పాలు వాటంతటవే కారిపోతాయి, జాకెట్టు తడిసిపోతుంది. చిన్నది ఒక్కతే తాగలేక వదిలేస్తోంది. రొమ్ములు రాళ్లయ్యాయి, ముట్టుకుంటే ప్రాణం పోతోంది. మొన్న తలుపు కొట్టి కొట్టి అరిచాను. భూమేష్ నన్ను వెనక్కి లాగి కడుపు మీద తన్నాడు. సరిగ్గా కుట్ల మీద. కింద ఒక చోట విడిపోయి చీము వస్తోంది. విమలక్క చూసి ఏడ్చింది, మందు బిళ్లలు ఇచ్చింది, కోడి పిల్లల్ని గద్ద తన్నుకుపోయినట్టు ఏంది గిదంతా అని మా అత్తను అడిగింది కూడా. 'నీ పని తూకం, తూచి పో' అంది అత్త.

ఎందుకో ఇప్పుడు తెలిసింది. పెద్దోణ్ణి వర్నికి ఇచ్చేస్తారట. తొట్టెల వేసిన రోజే, నలుగురి ముందు, వదిన ఒడిలో పెట్టి పంపుతారట. 'కొడుకును తెస్తావా, ఇంకో పెళ్లి చేసుకోనా' అని వదినను ఆమె మొగుడు దేవిదాస్ ఇంటి నుంచి పంపాడట. ఈయన నడిపే వరికోత మిషన్ దేవిదాస్‌దే కదా. నేను కాళ్లు పట్టుకుంటే ఈయన ఏమన్నాడో తెలుసా?

'బావ మిషన్ మీదనే మన బతుకు. ఒక్క పొల్లగాన్ని ఇస్తే ఏమైతది? ఇంకొకతి ఉన్నది గద. కావాలంటే మల్ల కందువు తీ.'

అమ్ముకోవడానికి నేను బర్రెనా, దూడనా అని అడిగాను. మళ్లీ కొట్టాడు. అత్త ఆపలేదు. పక్కన కూర్చుని వత్తులు చేసుకుంటూ చెప్పింది. 'ఏడ్వకు. మేం గుంజుకుంటలేం. నీ శ్రీమంతం నాడు నీ అక్క నా బిడ్డ ఒడిల బియ్యం పోసి, నోటితోని అట్లనే అన్నది. తల్లి జాగల ఉండి ఇచ్చిన మాట. ఒడిబియ్యం మాట తప్పితే మీకే పాపం.'

అబద్ధమాడకు అని ఆమె మీదికి వెళ్లాను. మా అక్క నా కంటే ముందు నా పిల్లల కోసం చస్తుంది, అట్లా ఎందుకు అంటుంది అన్నాను. అత్త నవ్వింది.

బాంచన్ అక్కా, ఒక్క ముక్క రాయి. అబద్ధమని రాయి. ఆ కాగితం వాళ్ల ముఖాన కొడతాను.

నిరోష


నిజామాబాద్,
నవంబరు 5

నిరోషా,

అబద్ధం కాదు. అన్నాను.

ఈ రెండు ముక్కలు రాయడానికి ఒక పూట పట్టింది. ఇక మిగతాది కూడా రాసేస్తాను.

ఏడో నెలలో నీ శ్రీమంతానికి వచ్చినప్పుడు నేను ఎప్పటిలాగే వంటింటి వెనక గిన్నెల దగ్గర కూర్చున్నాను. పదకొండేళ్లుగా ఏ పెళ్లికి వెళ్లినా నా చోటు అదే. మీ అత్త వచ్చి చెయ్యి పట్టుకుని లేపింది. 'తల్లి లేని పిల్ల. అక్కవైనా తల్లివైనా నువ్వే. నువ్వే ఒడి నింపు' అంది. పదిమంది ముత్తయిదువల మధ్య నన్ను పీట మీద కూర్చోబెట్టింది. పసుపు బియ్యం, కుడుకలు, ఖర్జూరాలు నీ ఒడిలో పోశాను. ఎవరూ ముఖం తిప్పుకోలేదు. నీకు కళ్లు తిరిగితే లోపలికి తీసుకుపోయారు. పళ్లెంలో ఇంకా బియ్యం మిగిలాయి.

అప్పుడు మీ అత్త సంజనను తెచ్చి నా ముందు కూర్చోబెట్టింది. కొంగు పట్టించింది. 'రెండున్నయని డాక్టరమ్మ చెప్పింది. ఒకటి నీ చెల్లె ఒడిల, ఒకటి నా బిడ్డ ఒడిల. అట్లనే అను గోదావరీ' అంది. సంజన తల ఎత్తలేదు. ఆమె కొంగు మీద కన్నీళ్లు పడుతున్నాయి.

నవ్వులాటకు అనుకున్నాను అని నీకు రాద్దామని ముందొక కాగితం తీశాను. చింపేశాను. నవ్వులాట కాదని నాకు అప్పుడే తెలుసు. వద్దంటే ఆ పీట మీది నుంచి లేవాలి, మళ్లీ గిన్నెల దగ్గరికి పోవాలి. నాకు ఇంకొంచెం సేపు కూర్చోవాలనిపించింది. అయిదు దోసిళ్లు పోసి 'అట్లనే' అన్నాను. ఇంటికి వచ్చాక ఎవరు నిజంగా అడుగుతారులే అనుకున్నాను. నీతో చెప్పలేదు, ఎందుకంటే చెప్పడానికి ముఖం లేదు.

నీ జీవితంలో నీ మీద పడిన ప్రతి దెబ్బకూ నేను అడ్డం పడ్డాననుకునేదాన్ని. ఈ దెబ్బ నా చేత్తోనే పడింది. నన్ను తిట్టు. నా ముఖం చూడనని అను. కానీ ఒక్కటి విను. మాట నాది, పిల్లలు నీవాళ్లు. నాది కానిదాన్ని నేను ఎట్లా ఇస్తాను? ఒడిలో పోసిన బియ్యం వెనక్కి తీసుకోరంటారు. నేను తీసుకుంటాను. శనివారం తొట్టెలకు వస్తున్నాను, అందరి ముందు అదే చెబుతాను.

అప్పటిదాకా గొడవ పడకు. కుట్లు జాగ్రత్త. పాలు పిండి పారబోయి, లేకపోతే గడ్డలు కట్టి జ్వరం వస్తుంది.

గోదావరి


కోటగిరి,
నవంబరు 8

గోదావరికి,

అక్క అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఒక పూట పీట మీద కూర్చోవడానికి నా కొడుకును పోశావు. నాకు చెప్పి ఉంటే నేనే నీకు వంద పీటలు వేసి ఉండేదాన్ని. నీ ఉత్తరం నాలుగుసార్లు చదివి పొయ్యిలో పెట్టాను.

గొడవ పడకు అని రాశావు. ఆ మాట నాకు ఆలస్యంగా అందింది. నిన్న మధ్యాహ్నం వదిన స్నానానికి వెళ్లింది. నడి అర్ర తలుపు తెరిచి ఉంది. చిన్నదాన్ని భుజాన వేసుకునే లోపలికి వెళ్లాను. పెద్దోడు కింద చాప మీద ఉన్నాడు. ఒళ్లంతా దద్దుర్లు, పిర్రలు ఒరుసుకుపోయి ఎర్రగా ఉన్నాయి. వంగి ఎత్తుకోబోయాను. నా జుట్టు వెనక నుంచి పట్టుకున్నాడు. ఎవరో చెప్పాలా? అత్త పట్టుకోబోతే ఆమె చేతిని కొరికాను. రక్తం వచ్చేదాకా కొరికాను, ఉప్పగా నోట్లోకి వచ్చింది, అయినా వదలలేదు. నన్ను కొట్టడానికి భుజం మీద చిన్నది అడ్డం ఉందని భూమేష్ దాన్ని ఒక్క చేత్తో లాగాడు. రెక్క పట్టుకుని లాగాడు, గోదావరీ. పందొమ్మిది రోజుల పిల్లను. లాగి మంచం మీద పడేసి తర్వాత నన్ను కొట్టాడు. దెబ్బలు నాకు తెలియలేదు. చిన్నది ఎట్లా ఏడ్చిందో అదొక్కటే తెలుసు.

ఇవాళ పొద్దున విమలక్క వచ్చింది. చిన్నదాని ఎడమ చెయ్యి కదలడం లేదు. మెడ కింద ముట్టుకుంటే చాలు నీలంగా మారేదాకా ఏడుస్తోంది. కాలరు ఎముక విరిగినట్టుంది, ఇప్పుడే బోధన్ తీసుకుపోవాలి అంది. 'తల్లి చేతులకెళ్లి జారింది. తొట్టెల అయినంక సూద్దాం' అని అత్త అంది. విమలక్క ఒప్పుకోలేదు. భూమేష్ ఆమె తూకం యంత్రాన్ని గుంజుకుని గడప మీద వేసి కొట్టాడు. 'ఇంకోపారి ఈ గడప తొక్కితే నీ కాళ్లు ఇరుగుతయి' అన్నాడు. ఆమె వెళుతూ వెళుతూ చిన్నదాని చేతిని గుడ్డతో ఛాతీకి కట్టి వెళ్లింది. సాయంత్రం పెరటి గోడ దగ్గరికి వస్తానంది, ఇది ఆమె చేతికే ఇస్తాను. పనిమీద నిజామాబాద్ వస్తున్నానని చెప్పి నీ దగ్గరికే వస్తుంది.

నువ్వు రేపు రావద్దు. వస్తే నలుగురి ముందు నిన్ను అడుగుతారు, అన్నావా లేదా అని. నువ్వు అన్నాను అంటావు. ఆ తర్వాత నువ్వేం చెప్పినా ఎవరూ వినరు.

వంటింట్లో కత్తిపీటను రోజూ చూస్తున్నాను. ఎవరి కోసం చూస్తున్నానో తెలియడం లేదు. అది తెలిసే లోపు నా పిల్లలిద్దరితో ఈ గడప దాటాలి. అదొక్కటే నాకు కావాలి. నువ్వు కూడా వద్దు.

నిరోష


బోధన్,
నవంబరు 10

నిరోషా,

ఆసుపత్రి బయట టీ కొట్టు బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. నువ్వు పైన వార్డులో ఉన్నావు. పైకి వచ్చి చెప్పవచ్చు, కానీ నువ్వు వాదిస్తావు. కాగితంతో వాదించలేవు. విమలమ్మ తెచ్చి ఇస్తుంది. చదివి టాయిలెట్లో చింపి పారెయ్యి.

ముందు నిన్న జరిగింది. ఒకసారి రాస్తాను, మళ్లీ ఎవరమూ ఎత్తొద్దు.

నువ్వు వద్దన్నా వచ్చాను. పోలీసుల్ని వెంట తెచ్చుకోవాల్సింది, అది నా బుద్ధి తక్కువ. మాట నేనే ఇచ్చాను, నేనే దించుతాను అన్న పొగరు. తొట్టెలకు దండ కట్టారు. ఆచారం ప్రకారం బిడ్డకంటే ముందు మసాలా నూరే పొత్రాన్ని బిడ్డలాగా కొత్త గుడ్డలో చుట్టి, బొట్టు పెట్టి తొట్టెలలో పడుకోబెట్టారు. రాయిలాగా గట్టిగా బతకాలని కదా అట్లా చేస్తారు. నేను వాకిట్లో నిలబడి చెప్పాను. 'అవును, అట్లనే అన్న. తప్పు చేసిన. పొల్లగాడు నావోడు గాదు ఇయ్యడానికి. ఆ మాట తీసుకుంటున్న. ఇద్దరు పిల్లలు, నా చెల్లె, నాతోని వస్తరు.' మీ అత్త కట్టు కట్టిన చెయ్యి ఊపుతూ నన్ను ముండమోపి అంది. భూమేష్ నా జుట్టు పట్టుకుని లోపలికి ఈడ్చాడు, చుట్టాలు చూస్తారని తలుపు వేశాడు. లోపల సంజన పెద్దోణ్ణి ఎత్తుకుని ఉంది, నువ్వు తొట్టెల పక్కన ఉన్నావు. నన్ను కింద పడేసి మెడ మీద కాలు పెట్టాడు. నాకు ఊపిరి ఆడలేదు. కళ్ల ముందు నల్లగా అయింది. నీ కాళ్లు కనిపించాయి. తొట్టెలలోంచి ఆ గుడ్డ మూటను నువ్వు రెండు చేతులతో తీయడం కనిపించింది. తర్వాత వాడి తల మీద చప్పుడు. రెండుసార్లు. వాడు నా మీదే పడ్డాడు. నువ్వు మూడోసారి ఎత్తావు, సంజన నీ చేతుల్లో పెద్దోణ్ణి పెట్టింది. పొత్రం కింద పడింది. అట్లా ఆగావు.

జరిగింది అది. ఇక మనం చెప్పేది ఇది. పొత్రం తీసింది నేను. కొట్టింది నేను. నువ్వు చిన్నదానికి పాలు ఇస్తూ గోడ వైపు తిరిగి ఉన్నావు, ఏమీ చూడలేదు. భూమేష్‌కు వెనక నుంచి తగిలింది, ఎవరు కొట్టారో వాడికి తెలియదు. సంజన ఒక్కతే చూసింది. తలుపు తెరిచాక అందరూ అడిగినా ఆమె నోరు విప్పలేదు. విప్పదనే అనుకుంటున్నాను.

వాడు చావలేదట, పుర్రె ఎముక చిట్లిందట, నిజామాబాద్ తీసుకుపోయారు. చస్తే బాగుండు అని నాలో సగం అంటోంది. బతికితేనే నాకు తక్కువ శిక్ష పడుతుందని ఇంకో సగం అంటోంది.

నువ్వు జైలుకు వెళితే పిల్లలు ఎవరి చేతికి పోతారు? మళ్లీ ఆ గడపకే. నాకు మొగుడు లేడు, పిల్లలు లేరు, నేను లోపలున్నా ఆగిపోయే పని ఏమీ లేదు. నీ ఇద్దరికీ పాలు కావాలి. ఇది లెక్క, దీంట్లో వాదన లేదు. మనింటి తాళం చెవి విమలమ్మకు ఇచ్చాను. చిన్నదాని ఎక్స్‌రే కాగితం పోగొట్టుకోకు. టీ తాగేసి స్టేషన్‌కు వెళుతున్నాను.

ఒక్కసారి వాళ్లను ఎత్తుకోవాలని ఉంది. నిన్న తలుపులు, రక్తం, అంబులెన్సు, ఏ ఒక్కరినీ ముట్టుకోలేదు. మంచిదేలే.

గోదావరి


నిజామాబాద్,
నవంబరు 20

అక్కా,

పిల్లలకు నెల నిండింది. నీ గదిలో, నీ బీడీ చాట పక్కనే చాప వేసుకుని ముగ్గురం ఉంటున్నాం. పెద్దోడు రెండు కేజీల ఏడు వందలు, చిన్నది రెండు కేజీల నాలుగు వందలు. మొదటి నాలుగు రోజులు పెద్దోడు నా రొమ్ము పట్టలేదు, డబ్బా అలవాటై ముఖం తిప్పుకున్నాడు. వాడు తిప్పుకున్నప్పుడల్లా నేను గోడకు తల కొట్టుకున్నాను. అయిదో రోజు పట్టాడు. చిన్నదానికి చెయ్యి కట్టే ఉంది. కట్టు వాసన వస్తోంది, దానికి కోపం వస్తోంది, అచ్చం నీ కోపమే. నా కుట్లు ఎండుతున్నాయి.

భూమేష్ బతికాడు. ఒక చెవి వినపడదట. మొన్న ఇద్దరు మనుషులు వచ్చి వాకిట్లో నిలబడి పిల్లల్ని పంపమని అరిచారు. నీ పక్కిళ్ల ఆడవాళ్లు పదిమంది చాటలు పక్కన పెట్టి కత్తెరలు పట్టుకుని బయటికి వచ్చారు. నడుచుకుంటూ వచ్చిన ఆ ఇద్దరూ ఆటో ఎక్కి పారిపోయారు. నవ్వొచ్చింది. పిల్లలు పుట్టాక మొదటిసారి.

నీ ఉత్తరం చింపలేదు. నువ్వు కాగితంతో వాదించలేవు అని రాశావు. చూడు, వాదిస్తున్నాను.

నిన్ను ఇంకా క్షమించలేదు. క్షమించానని రాస్తే నువ్వు లోపల హాయిగా ఉంటావేమో, కానీ అబద్ధం రాయను. శ్రీమంతం నాడు నన్ను అడగకుండా నా బిడ్డను ఇచ్చావు. బోధన్‌లో నన్ను అడగకుండా నిన్ను నువ్వు ఇచ్చేశావు. రెండూ నా పేరు మీదే. మొదటిసారి ఆశపడి, రెండోసారి ప్రేమతో. నాకు రెండూ ఒక్కటే తగిలాయి. నా కొడుకు పెద్దయ్యాక, నాయన తల పగలగొట్టింది ఎవరని అడిగితే పెద్దమ్మ అని చెప్పమంటావా? వాణ్ణి వాళ్ల చేతుల్లోంచి తెచ్చుకుంది నేను. అది ఎవరికీ ఇవ్వను. నీక్కూడా ఇవ్వను.

లోపలికి వెళ్లే ఉత్తరాలు ముందు జైలు వాళ్లు చదువుతారని విమలక్క చెప్పింది. చదవనీ. అందుకే ఇందులో రాస్తున్నాను.

జైలరు గారూ, నవంబరు తొమ్మిదో తేదీన కోటగిరిలో నా భర్త భూమేష్ తల మీద పొత్రంతో కొట్టింది నేను, నిరోషను. రెండుసార్లు కొట్టాను. అప్పుడు అతని కాలు మా అక్క గోదావరి మెడ మీద ఉంది. నా బిడ్డ ఎముక అంతకు రెండు రోజుల ముందు అతనే విరిచాడు, ఎక్స్‌రే ఉంది. మా అక్క ఎవరినీ కొట్టలేదు. ఆమె మెడ మీద మరక ఇంకా ఉంటే చూడండి.

అక్కా, ఇదే మాట నిన్న ఉచిత వకీలు తిరుపతమ్మ గారి ముందు చెప్పి సంతకం పెట్టాను. చంటి పిల్లల తల్లికి బెయిలు రావచ్చు, రాకపోనూ వచ్చు, రాకపోతే పిల్లలు నీతోపాటే లోపలికి వస్తారు అని ఆమె చెప్పింది. రానీ అన్నాను. పాలు ఎక్కడైనా పాలే. సంజన వదినకు కూడా వకీలు కబురు పంపింది. చూసింది చెబుతుందో లేదో తెలియదు. ఆమె మళ్లీ వర్నికి పోలేదట, అది మాత్రం తెలిసింది.

శుక్రవారం పదిన్నరకు కోర్టుకు వస్తున్నాను, ఇద్దరినీ తీసుకుని. నిన్ను కూడా అక్కడికే తెస్తారట. లోపలికి పిలిచేదాకా బయట బెంచీ మీద కూర్చోనిస్తారని తిరుపతమ్మ గారు అన్నారు. నా ఒక్కదాని చేతులు చాలవు, ఒకరిని నువ్వు ఎత్తుకోవాలి. పెద్దోడు ఎవరి దగ్గరైనా పడుకుంటాడు. చిన్నదాన్ని ఎత్తుకుంటే మాత్రం ఎడమ రెక్క కింద చెయ్యి పెట్టకు, ఎముక ఇంకా అతుక్కోలేదు.

నీ చెల్లె
నిరోష